పెరటి దారిన పలకరింపు

నూకరత్నం వీధి గడప దాటగానే గుమ్మం మీది గడపకన్ను గంట కొట్టి, "ఉప్పు తగ్గించండి" అంది.

"నీ నోరు పడిపోను! రాత్రి రెండు ఎండుచేప ముక్కలు తింటే పొద్దున్నే వీధంతా చాటాలా?" అని దానికేసి చెయ్యి విసిరి, ఆవిడ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది.

వాకిట్లో ఎదురుచూస్తున్న డాక్టర్ కాత్యాయనికి నవ్వొచ్చింది. ఆ యంత్రానికి ప్రభుత్వం పెట్టిన పేరు ద్వారనిదాని. జనం గడపకన్ను అన్నారు, చివరికి అదే నిలిచింది. ప్రతి ఇంటి వీధి గుమ్మానికీ ఒకటుంటుంది. గడప దాటే మనిషి ఊపిరినీ, ఒంటి వేడినీ, నడకనీ, చెమట వాసననీ రెప్పపాటులో చదివి రాజధానిలోని మహానిదానికి పంపుతుంది. మహానిదాని రోగమేదో తేల్చి, అవసరమైతే మందుపిట్టను తోలుతుంది. మందుపిట్ట గాలిలో ఎగిరొచ్చి, వాకిట్లో మందుల పెట్టె దించి, వచ్చిన దారినే పోతుంది. గుమ్మం మీది దీపం ఆకుపచ్చగా ఉంటే ఇంట్లో అందరూ క్షేమం. పసుపైతే మందు రావాలి, ఎరుపైతే ఆస్పత్రి పడవ రావాలి. మూడు రోజుల పాటు ఎవరూ గడప దాటకపోతే దీపం బూడిదరంగుకు మారుతుంది. ఇంట్లో ఎవరూ లేరు, ఊరెళ్ళారని దానర్థం.

ఒక తరం నుంచి జనం ఇలాగే బతుకుతున్నారు. పాత ప్రాథమిక వైద్యశాలలు మూతపడ్డాయి. ఇంటింటికీ తిరిగే నర్సమ్మలు ఫొటోల్లో మిగిలారు. గడపకన్నును ఊరికే తిట్టిపోయడం కూడా అన్యాయమే, దానివల్ల నిలబడ్డ గుండెలకు లెక్కలేదు. కాకపోతే రాష్ట్రమంతటికీ అదొక్కటే బుర్ర. మెట్టపొలాల వాడికీ, చుట్టూ నీళ్ళున్న లంకవాడికీ దాని తూకం ఒకటే. పోనీ ఊళ్ళోవాళ్ళే ఏదైనా చేసుకుందామంటే అధికారం లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది వ్యవహారం.

ఆ బాధ పడలేకే కాత్యాయని రాజధానిలో పెద్ద ఉద్యోగం వదులుకుని, ఏళ్ళ తరబడి ఆఫీసుల గుమ్మాలు పట్టుకు తిరిగి, ప్రాంతానికొక ఆరోగ్య సమాఖ్య ఉండాలని వాదించి, ఒకే ఒక్కదానికి అనుమతి సాధించింది. ఏటిపాయల ప్రాంతీయ ఆరోగ్య సమాఖ్య దాని పేరు. గోదావరి సముద్రంలో కలిసే చోట మిగిలిన పదకొండు లంకలు దాని పరిధి. కాత్యాయని ప్రధాన వైద్యురాలు. లంకలవాళ్ళు చేతులెత్తి ఎన్నుకున్న అధ్యక్షురాలు నూకరత్నం. ఆవిడ రొయ్యల చెరువులు నడుపుతుంది, ఎవరికీ భయపడదు, ఏ మాటా కడుపులో దాచుకోలేదు. కనీసం ఆ పొద్దుటిదాకా కాత్యాయని అలాగే అనుకుంది.

అనుమతితో పాటు ఒక షరతు పెట్టారు. అవసరమైనప్పుడు సమాఖ్య తన సొంత ఆజ్ఞ మీద మందులు తెప్పించుకోవచ్చు. అయితే పరీక్షాకాలం ముగిసేలోగా సమాఖ్య మాట ఒక్కసారి మహానిదాని మాటకు ఎదురై, సమాఖ్యదే తప్పని తేలితే, సమాఖ్య రద్దు. ఆ పరీక్షాకాలానికి ఇదే ఆఖరి రోజు. తనిఖీకి రాజధాని నుంచి పర్యవేక్షకుడు దివాకరం వచ్చి, అప్పటికే పడవలో కూర్చుని ఉన్నాడు.

దివాకరం చెడ్డవాడు కాదు. నలగని చొక్కా, నలగని మాట. ఒళ్ళో చూపుపలక పెట్టుకుని, దాని మీద మిణుకుమనే దీపాలను చూస్తూ పడవ దిగేదాకా తలెత్తలేదు.

"అభినందనలు డాక్టరుగారూ," అన్నాడు గోగులంక రేవులో దిగుతూ. "పదకొండు లంకలూ ఆకుపచ్చే. ఈ ఊళ్ళో ఒక్క ఇల్లు మాత్రం బూడిదరంగు. ఖాళీ ఇల్లు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. సాయంత్రానికి నివేదిక పంపేస్తాను."

కాత్యాయని ఊపిరి పీల్చుకుంది. ఇంతకాలం పడ్డ పాట్లు గట్టెక్కాయనే అనుకుంది. ముగ్గురూ వీధి వెంట నడిచారు. వంటల వేళ కావడంతో ప్రతి ఇంట్లోంచీ తాలింపు వాసన గుప్పుమంటోంది. వీధి మలుపులో ఆ ఖాళీ ఇల్లు వచ్చింది. గుమ్మం మీద బూడిదరంగు దీపం, మూసిన తలుపులు. అవి దాటి నాలుగడుగులు వేశాక కాత్యాయని ఆగి వెనక్కి చూసింది. ఆ ఇంటి పెరటి వంటపాకలోంచి పొగ లేస్తోంది. గంజి వాసన వస్తోంది కానీ తాలింపు వాసన లేదు. గుమ్మానికి రెండు పక్కలా వేపమండలు గుచ్చి ఉన్నాయి, ఇంకా వాడలేదు.

"రత్నంగారూ, ఈ ఇంట్లో ఎవరున్నారు?"

నూకరత్నం ఏటివైపు చూసింది. "ఎవరుంటారండి... రండి, ఎండెక్కిపోతంది."

"రత్నంగారూ!"

ఆవిడ రెండు చెంపలూ వేసుకుని, గొంతు బాగా తగ్గించి, "అమ్మోరు పోసిందండి," అంది.

దివాకరానికి ఆ మాట అర్థం కాలేదు. కాత్యాయనికి చప్పున అర్థమైంది. ఆటలమ్మ. ఒళ్ళంతా నీటిపొక్కులు లేచే జబ్బు. ఆ పేరు నోటితో అనకూడదు. ఇంట్లో తల్లి ఉన్నన్నాళ్ళూ తాలింపు వెయ్యకూడదు, మందు వాడకూడదు, వేపాకు నీళ్ళు పోసుకునేదాకా ఇంట్లోవాళ్ళు వీధి గడప దాటకూడదు, బయటివాళ్ళు దాటి రాకూడదు. రాకపోకలన్నీ పెరటి దారినే. ఎవరూ గడప దాటకపోయేసరికి గడపకన్ను ఇల్లు ఖాళీ అని తేల్చేసింది.

"నాకొక్క మాట చెప్పలేకపోయారా?"

"అది చెప్పుకునేది కాదండి. అయినా ఆ కన్ను చూడండి, తల్లి ఇంట్లో కాలెట్టగానే రెప్ప వాల్చేసింది. యంత్రానికున్న భక్తి మనకుండొద్దా?"

కాత్యాయని ఆవిడ ముఖంలోకి చూసింది. ఎగతాళి లేదు. లంకల్లో అందరూ అదే నమ్ముతున్నారు. అమ్మవారికి యంత్రం కూడా తలవంచిందని మురిసిపోతున్నారే కానీ, వీధి గుమ్మంలో ఉన్న కన్ను పెరడు చూడలేదని ఎవరికీ తట్టలేదు. రాజధానిలో దాన్ని గుమ్మానికి బిగించిన మహామేధావులకు పెరటి దారి అనేది ఒకటుంటుందనే తట్టలేదు. ఎవరి అమాయకత్వం వారిది.

"ఎవరికి పోసింది?"

"ముందు త్రిమూర్తులికండి. సముద్రం మీద తేలురేవులో పనిచేసి వచ్చాడు కదా, దేశదేశాల ఓడలొస్తాయి అక్కడికి. ఆడికి తగ్గుముఖం పట్టింది. నిన్నట్నించీ ఆడి పెళ్ళానికి."

"లోవకుమారికా?" అంది కాత్యాయని. లోవకుమారికి నెలలు నిండాయి. నేడో రేపో కాన్పు.

ఆమె దివాకరం వైపు తిరిగి గబగబా చెప్పింది. కాన్పు ముంగిట తల్లికి ఈ పొక్కులు లేస్తే, బిడ్డకు తల్లి నుంచి రక్షణ అందే వ్యవధి ఉండదు. పుట్టిన బిడ్డ బతకడం కష్టం, తల్లికి ఊపిరితిత్తులు పట్టేసినా ఆశ్చర్యం లేదు. తల్లికి ఇప్పుడే మందు పడాలి, బిడ్డకు భూమ్మీద పడగానే రక్షకద్రవం ఎక్కించాలి.

దివాకరం చూపుపలక మీద మహానిదానిని అడిగాడు. జవాబు వెంటనే వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆ వ్యాధి రాష్ట్రంలో లేదు. టీకా కూడా మానేసి చాలా కాలమైంది. మందు పంపడం కుదరదు.

"ఆమెను ఒక్కసారి వీధి గడప దాటించండి డాక్టరుగారూ. కన్ను చదువుతుంది, సమస్య తీరుతుంది," అన్నాడు.

"చదివినా పోల్చుకోదు. ఆ జబ్బు ఆనవాళ్ళే దానిలోంచి తీసేశారు. జ్వరం, దద్దుర్లు అని చెమటకాయల పొడి పంపుతుంది. పైగా ఈ ఇంటి ఆచారాన్ని ఇవాళ నేను బలవంతంగా తొక్కితే, రేపటి నుంచి ప్రతి ఇల్లూ నా దగ్గర దాస్తుంది."

"అయితే మిగిలింది సమాఖ్య ఆజ్ఞ. మహానిదానికి ఎదురు. తప్పని తేలితే ఏమవుతుందో మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. ఇవాళ ఒక్కరోజు గడిస్తే మీరు గెలిచినట్టే."

"ఇవాళ ఒక్కరోజు గడిస్తే ఆ పిల్ల గట్టెక్కదండీ!" అంది కాత్యాయని.

ఆజ్ఞకు ఇద్దరి గొంతులు కావాలి. వైద్యురాలిది, అధ్యక్షురాలిది. కాత్యాయని పలకలో తన మాట చెప్పి నూకరత్నం వైపు చాచింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"తల్లి ఉన్న ఇంట్లోకి మందా? నా వల్ల కాదండి. ఊరికి అరిష్టం."

"తల్లి లోవ మీదికి వచ్చింది, సరే. కడుపులో బిడ్డ మీదికి కూడా రావాలా రత్నంగారూ? తట్టుకునే ఒళ్ళా అది?"

నూకరత్నం గుమ్మానికి గుచ్చిన వేపమండలకేసి చూసింది. చివరికి కొంగు నడుముకు దోపి, పలక లాక్కుని, "ఓలేటి నూకరత్నం, ఏటిపాయల అధ్యక్షురాలు. పంపించండి మందు," అని గట్టిగా అని, ఆకాశంకేసి తలెత్తింది. "కోపమొత్తే నా మీదికి రా తల్లీ. ఆజ్ఞ నాది. ఆ పసిగుడ్డు జోలికెళ్ళకు."

దివాకరం కూడా వెంట రాబోతే కాత్యాయని చెయ్యి అడ్డుపెట్టింది. "మీకు చిన్నప్పుడు ఇది వచ్చిందా?"

"తెలియదు. రాలేదనుకుంటాను."

"అయితే మీరు పెరటి గట్టు దాటి ఇవతలికి రాకండి."

పెరటి దారికి అడ్డంగా లోవకుమారి అత్తగారు అప్పాయమ్మ నిలబడి ఉంది. చేతిలో పసుపునీళ్ళ చెంబు, కళ్ళలో నిద్రలేమి. "ఎవరికైనా సరే దారి లేదు. అమ్మోరు పోసినోళ్ళే లోపలికి రావాలి," అంది.

ఆ మాటకు కాత్యాయని ఉలిక్కిపడింది. ఒకసారి వచ్చినవాళ్ళకు ఆ జబ్బు మళ్ళీ రావడం అరుదు. వైద్యకళాశాలలో ఏడాది చదివి నేర్చుకున్న సంగతి ఈ పెరట్లో కట్టుబాటుగా నిలబడి ఉంది. ఆమె కళ్ళజోడు తీసి, ఎడమ కనుబొమ మీది చిన్న గుంట చూపించింది.

"నాకూ పోసిందమ్మా. ఏడేళ్ళప్పుడు. మా అమ్మమ్మ వేపమండతో విసురుతూ కూర్చుంది."

అప్పాయమ్మ దగ్గరికొచ్చి, వేలితో ఆ గుంటను తడిమి చూసి, చెంబులో నీళ్ళు ఆమె కాళ్ళ మీద పోసింది. "అయితే రా తల్లీ." నూకరత్నానికి చిన్నప్పుడే పోసిన సంగతి అప్పాయమ్మకు తెలుసు.

మందుపిట్ట వీధి వాకిట్లో వాలబోతే నూకరత్నం అదిలించి పెరట్లోకి మళ్ళించింది. ఆ పెట్టె వేపాకుల గుట్ట మీద దిగింది. అప్పాయమ్మ దాన్ని ముట్టుకోలేదు. ముందు అమ్మవారి ఘటం దగ్గర పెట్టి, పసుపు చల్లి, దణ్ణం పెట్టుకున్నాక నూకరత్నమే తీసి డాక్టరు చేతికిచ్చింది.

"ఇప్పుడిది మందు కాదు వదినా, ప్రసాదం," అంది అప్పాయమ్మతో.

"చాల్లే నీ మాయమాటలు. మందని నాకు తెలవదా?" అంది అప్పాయమ్మ. "ఇవ్వనీ. నాకు నా పిల్ల కావాలి."

లోపల చీకటి గదిలో లోవకుమారి ఒళ్ళంతా పొక్కులతో, జ్వరంతో మూలుగుతోంది. మందు పడిన కాసేపటికే నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రికి తరలిస్తే అక్కడున్న గర్భిణులందరికీ అంటుకుంటుంది. ఇక్కడే పురుడు పొయ్యాలి, కాత్యాయని ఒక్కతే. ఆ సంగతి నూకరత్నం పెరటి గోడ మీంచి కేక వేసి ఊరికి చెప్పింది. ఏ పేరు పలకకూడదో ఆ పేరే అధ్యక్షురాలి హోదాలో పలికి, "ఎవరికి పోసిందో వాళ్ళు రండర్రా!" అంది.

ముందు ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమె వెనక మరొకామె. జబ్బు పోయాక పుట్టిన పడుచువాళ్ళెవరికీ ఆ గుర్తులు లేవు. మచ్చల మొహాలున్నవాళ్ళంతా అరవై దాటినవాళ్ళే. ఇన్నాళ్ళూ మచ్చల్ని కొంగు చాటున దాచుకున్నవాళ్ళు ఆ మధ్యాహ్నం వాటినే చూపించుకుంటూ పెరట్లోకి నడిచొచ్చారు. ఒకరు నీళ్ళు కాచారు, ఒకరు లోవకుమారి నడుం పట్టారు, ఒకరు తాలింపు లేని పప్పు వండి అందరికీ పెట్టారు. గట్టు మీద కూర్చున్న దివాకరానికి కొబ్బరిబోండం కూడా పంపించారు. పురుళ్ళు పోసిన చేతులు ఆ గుంపులో ఎన్నో ఉన్నాయి, అవన్నీ ముప్పై ఏళ్ళుగా ఊరికే ఒళ్ళో పడి ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమంది. కాత్యాయని ఆ చిట్టి తొడలోకి రక్షకద్రవం ఎక్కించి, పిల్లను అప్పాయమ్మ చేతుల్లో పెట్టి, గోడకు చేరగిలబడి భోరున ఏడ్చింది. నూకరత్నం ఆమె వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. ముసలమ్మలు మాత్రం పిల్ల ముక్కు ఎవరి పోలికో తేల్చుకోలేక తగాదా పడుతున్నారు.

పిల్ల ఒంటి మీద నాలుగంటే నాలుగు పొక్కులు లేచి మాడిపోయాయి. లోవకుమారి కోలుకుంది. త్రిమూర్తులు ఎక్కడెక్కడ తిరిగాడో ముసలమ్మలు పెరటి దారుల వెంట వెళ్ళి వాకబు చేశారు. రాజధాని నుంచి ఎంతమంది వచ్చి అడిగినా నోరు విప్పనివాళ్ళు, మచ్చల ముసలమ్మలు వచ్చి "ఏవమ్మా, తల్లి గాని వచ్చిందా?" అంటే తలుపు తీసి చెప్పారు. మరో మూడు ఇళ్ళలో దొరికింది. అందరికీ వేళకు మందు పడింది. పదకొండు లంకల్లో ఒక్క ప్రాణం పోలేదు. సమాఖ్య మాట నిజమని, మహానిదాని మాట తప్పని పరీక్షల్లో తేలింది. దివాకరం పరీక్షాకాలాన్ని మరో రుతువుకు పొడిగించి వెళ్ళాడు. రద్దు చేస్తామని ఇక ఎవరూ అనలేదు కానీ, ఉంచుతామని కూడా అనలేదు.

లోవకుమారి వేపాకు నీళ్ళు పోసుకుని, పిల్లనెత్తుకుని వీధి గడప దాటిన రోజు ఊరంతా వాకిట్లోనే ఉంది. మర్నాడు సమాఖ్య తన మొదటి నియమం రాసుకుంది. దీపం బూడిదరంగుకు మారిన ఏ ఇంటికైనా అదే రోజు ఒక మనిషి స్వయంగా వెళ్ళి పలకరించాలి. ఆ పని మచ్చల ముసలమ్మలకు అప్పగించారు. వాళ్ళకు పలకరింపుదళం అని పేరు పెట్టి, నీలం అంచు చీరలిచ్చారు. నూకరత్నం కూడా ఒకటి కట్టుకుంది.

అంతా సవ్యంగా జరుగుతోందనుకుంటుండగా దీపాలు రంగు మారడం మొదలుపెట్టాయి.

మొదట ఒక లంకలో రెండు బూడిదయ్యాయి. ఆ తర్వాత పది. కొన్ని వారాలకు లంకలన్నిట్లో సగం ఇళ్ళు బూడిదరంగులోకి వచ్చాయి. మళ్ళీ ఏ మహమ్మారి వచ్చిందోనని కాత్యాయనికి అన్నం సహించలేదు. నూకరత్నాన్ని వెంటబెట్టుకుని, మొదట బూడిదైన ఇంటికి తనే వెళ్ళింది. ఆ ఇంట్లో పెమ్మాడి చెల్లయ్య అనే, ఒకప్పుడు పడవ నడిపిన పాత సరంగు ఒక్కడే ఉంటాడు. పెరట్లో మంచం వాల్చి, మజ్జిగ కుండ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నిక్షేపంలా ఉన్నాడు.

"ఏం చెల్లయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?"

"బేషుగ్గా ఉందండి. రండి, కూకోండి."

"మరి గడప దాటడం మానేశారేం?"

ఆయన సిగ్గుపడ్డాడు. మజ్జిగ గ్లాసులో పోయడంలో మునిగిపోయినట్టు నటించాడు. "పెరటి దారినే తిరుగుతున్నానండి. గడప దాటితే దీపం ఎలుగుద్ది. దీపం ఎలిగితే మీరు రారు కదండీ."

కాత్యాయని గ్లాసు అందుకోవడం మర్చిపోయింది.

"ఆ కన్ను వచ్చినకాణ్ణించీ ఒంట్లో ఎలా ఉందని నన్నెవరూ అడగలేదండి," అన్నాడు చెల్లయ్య. "గుమ్మం మీద ఎలిగిపోతంటే ఇంకడిగేదేంటి? మా తమ్ముడు కూడా వీధిలోంచే దీపం చూసి ఎల్లిపోతాడు. మొన్నామధ్య నేను మూడ్రోజులు అలవాటు తప్పి పెరటి దారిన తిరిగాను. మీ దళం ముసలావిడ వచ్చింది. ఎలా ఉన్నావురా అంది. మా ఆవిడ పోయినకాణ్ణించీ చెప్పనియ్యన్నీ చెప్పుకున్నానండి."

తర్వాత ఇంట్లో చంటిపిల్లల తల్లి. ఆ తర్వాత ఇంట్లో కొత్తగా పెళ్ళైన జంట, ఇద్దరికీ వంట రాదు. ఎవరికీ జబ్బు లేదు. అందరికీ మనిషి కావాలి. లోకంలో ప్రతి జ్వరాన్నీ పట్టుకునే యంత్రానికి ఈ ఆకలి మాత్రం ఎన్నడూ అందలేదు. జబ్బులన్నీ వేళకు తీర్చేసి, జబ్బు వంకతో జరిగే రాకపోకలన్నీ అది తెలియకుండానే తుడిచిపెట్టింది.

ఆ వారమే దివాకరం చూపుపలకలో కనిపించాడు. వెనక పటంలో ఏటిపాయల ప్రాంతమంతా బూడిద. "డాక్టరుగారూ, ఇక్కడివాళ్ళు మీ సమాఖ్య గడపకన్నులను పాడుచేసిందంటున్నారు. నిర్ణయం ఈ నెలలోనే. పెరటి గుమ్మాలకు కూడా కన్నులు బిగించమని మీరొక్క మాట రాస్తే, పటం మళ్ళీ ఆకుపచ్చవుతుంది. సమాఖ్య నిలుస్తుంది."

కాత్యాయనికి ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, ఒక క్షణం కలం కోసం వెతుక్కుంది కూడా. నూకరత్నం పక్కనే ఉండి చూస్తోంది. కాత్యాయని కుర్చీలో సర్దుకుని కూర్చుని, చెల్లయ్య చెప్పింది చెప్పినట్టు దివాకరానికి చెప్పింది. "పటం తప్పు చెప్పడం లేదు. మా లంకల్లో ఆ ఇళ్ళన్నీ మనిషి కోసం చూస్తున్నాయి. నేను పెరటి దారి మూయించను. రద్దు చేస్తారో ఉంచుతారో మీ ఇష్టం," అంది. దివాకరం పలక ఆర్పేశాడు.

ఆ తర్వాత ఎదురుచూసిన రోజులు కాత్యాయనికి ముళ్ళ మీద గడిచాయి. దళం మాత్రం ఏమీ పట్టనట్టు నీలం అంచు చీరల్లో ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది.

ఒక సాయంత్రం పలక మోగింది. దివాకరం చొక్కా నలిగి ఉంది. గడ్డం మాసింది.

"నిన్న ఉత్తర్వులు వచ్చాయి," అన్నాడు. "ఏటిపాయల సమాఖ్య శాశ్వతం. రాష్ట్రంలో ప్రతి ప్రాంతానికీ ఇలాంటిదే ఏర్పడుతుంది. ప్రతిదానికీ ఒక పలకరింపుదళం ఉండాలి. వాళ్ళకు శిక్షణ మీ లంకల్లోనే."

నూకరత్నం వేసిన కేకకు గట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి. ముసలమ్మలు పనులొదిలి పరుగెత్తుకొచ్చారు. ఎవరో కాత్యాయని నోట్లో బెల్లంముక్క కుక్కారు. ఆమె నవ్వుతూ, ఏడుస్తూ, "మీ వాళ్ళను ఎలా ఒప్పించారండీ?" అని అడిగింది.

"నివేదికలో ఒక ప్రయోగం రాశాను. సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చుని గడప దాటడం మానేశాను. నాలుగో రోజు నా దీపం బూడిదయింది. పక్క ఫ్లాటులో మనుషుల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరూ రాలేదు." ఆయన నవ్వబోయాడు. "మహానిదాని మాత్రం శుభప్రయాణం అని సందేశం పంపింది."

గోల కాస్త సద్దుమణిగింది. నూకరత్నం అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చి, కాత్యాయని చేతిలోంచి పలక తీసుకుని, మంచం మీద తీరిగ్గా కూర్చుంది.

"బాబుగారూ, ఒంట్లో ఎలా ఉందండి?"

దివాకరం బాగానే ఉందనబోయి ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ జవాబు చాలాసేపు సాగింది. నూకరత్నం ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాలేదు.